రెండు గుండ్రాలే కదా అంటారు!

"రెండు గుండ్రాలు, ఒక డబ్బా. ఐదు నిమిషాల పని కదన్నా!" అమీర్‌పేటలో లోగో అడిగే ప్రతి ఒక్కరిదీ ఇదే మాట. ఒళ్లు మండిపోతుంది.

మొన్న ఒక ఇరానీ చాయ్ హోటల్‌కి కప్పు బొమ్మ గీశాను. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ కీ నొక్కి పట్టుకోకపోతే గుండ్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. పెద్ద గుండ్రం మీద చిన్నది పెట్టి, రెండూ సెలెక్ట్ చేసి డిఫరెన్స్ కొడితే పెద్దదాంట్లో చిన్నదంత రంధ్రం పడి కప్పు పిడి వస్తుంది. ఆ పిడి కప్పుకు అతికే చోట వెంట్రుకవాసి సందు! మామూలుగా చూస్తే కనపడదు. 800 శాతం జూమ్ చేస్తే కనపడింది. సరిచేసేసరికి రాత్రి రెండయింది. ఇది పని కాదా?

ఎస్‌వీజీ ఫైల్ పంపాను. అంటే బొమ్మని చుక్కలుగా కాకుండా గీతలుగా దాచే వెక్టర్ ఫైల్. "ఓపెన్ కావట్లేదు, వాట్సాప్‌లో ఫొటో పెట్టు" అన్నారు. పెట్టాను. ఆ ఫొటోనే లాగి లాగి 20 అడుగుల ఫ్లెక్సీ మీద కొట్టించారు! అంచులన్నీ మెట్లు మెట్లు. వెక్టర్ ఫైల్‌ని ఎంత పెంచినా గీత చెదరదని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? పైగా "నీ లోగో ఇంత మసకగా ఉందేంటి?" అని నన్నే నిలదీశారు.

డబ్బులా? సగమే చేతిలో పెట్టారు. మిగతాది ఫ్లెక్సీ బాగా వస్తే ఇస్తారట!