కర్ణుడి చెవికి కారణాలు అనేకం

మా ఇంట్లో ముందు కంపు వచ్చింది. కర్ణుడి మీద అనుమానం వారం తర్వాత వచ్చింది. ఈ మధ్యలో పోయింది నా పరువు.

శ్రావణ మాసం, మూడు రోజులుగా వదలని ముసురు. ఆఫీసు నుంచి వచ్చి హాల్లో కూర్చున్నానో లేదో, ఎక్కడి నుంచో పులిసిన పిండి వాసన. మా ఆవిడ నా వైపు చూసింది. తర్వాత నా సాక్సుల వైపు చూసింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడకి పాతికేళ్ల అనుభవం ఉంది. సాక్సులు రెండుసార్లు ఉతికించాం. వాసన అలాగే ఉంది. ఫ్రిజ్ కడిగాం. ఏ పాపమూ ఎరగని దోసెల పిండిని గిన్నెతో సహా బయట పెట్టాం. ఎలుక చచ్చిందేమోనని సోఫా జరిపితే రెండు పెన్నులు, రిమోట్ మూత, రూపాయి బిళ్ల దొరికాయి. ఎలుక దొరకలేదు.

కర్ణుడంటే మా లాబ్రడార్. నెలన్నర పిల్లగా వచ్చినప్పుడు వాడికి మొహం కన్నా చెవులే పెద్దవి. "కుండలాలతో పుట్టాడ్రా" అని మా అమ్మ ఆ పేరు పెట్టింది. దానగుణం మాత్రం అంటలేదు. ఎవరి చేతిలో బిస్కెట్ ఉన్నా అది తనకి దానం ఇవ్వడానికే అనుకుంటాడు.

ఆ వారమంతా వాడు తల అడ్డంగా విదిలిస్తూనే ఉన్నాడు. తడి దుప్పటి దులిపినట్టు టపటపా చప్పుడు. పెరుగన్నం తింటావా అంటే టపటపా. వాకింగ్‌కి వెళ్దామా అంటే టపటపా. వయసొచ్చి మొండికేస్తున్నాడనుకున్నాను. వెనక కాలుతో చెవి గీరుకుంటుంటే పిడుదు పట్టిందేమోనని పైపైన బొచ్చులో వెతికి ఊరుకున్నాను. తల ఒక పక్కకి వంచి నడుస్తుంటే మా ఆవిడ ముద్దొస్తున్నాడని ఫోటో కూడా తీసింది.

శుక్రవారం రాత్రి కరెంటు పోయింది. వాడు వచ్చి నా ఒళ్లో తల పెట్టాడు. చెయ్యి తగిలి చెవి రెప్ప వెనక్కి మడత పడింది. పోయిన పరువు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కంపంతా అక్కడే. ఫోన్ లైటు వేసి చూస్తే లోపల ఎర్రగా కందిపోయి, కాఫీ ఫిల్టరు అడుగున మిగిలే గసిలాంటిది జిడ్డుగా అంటుకుని ఉంది. చెవి మొదట్లో కాస్త నొక్కితే ముందు హాయిగా మూలిగాడు, ఆ వెంటనే కుయ్యిమన్నాడు.

"చూశావా, నా సాక్సులు కాదు" అన్నాను. కుక్క బాధ కన్నా ముందు నా నోట్లోంచి వచ్చిన మాట అది. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇక వైద్యం. మా అమ్మ వెల్లుల్లి రేకలు వేసి నువ్వుల నూనె కాచింది. "నీకు చిన్నప్పుడు చెవిపోటొస్తే ఇదే పోసేదాన్ని" అంది. "అందుకేనేమో అత్తయ్యా, ఆయనకి ఏం చెప్పినా వినబడదు" అంది మా ఆవిడ. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు గోడ మీంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సిఫార్సు చేశారు, నురగొస్తే రోగం పోయినట్టేనట. నా ఓటు ఇయర్‌బడ్‌కి. చివరికి మా ఇంట్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది, అమ్మ మాట నెగ్గింది.

మర్నాడు పొద్దున్న నేను చెవి ఎత్తి పట్టుకున్నాను. మా ఆవిడ నడుం పట్టుకుంది. అమ్మ గరిటెతో గోరువెచ్చటి నూనె, రేకలతో సహా, వంపింది. కర్ణుడు కదల్లేదు. ఎంత బుద్ధిమంతుడో అనుకునేంతలో వీధి తలుపు తోసుకుని, మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని, మా దూరపు బాబాయి కూతురి పెళ్లి శుభలేఖ పట్టుకుని లోపలికొచ్చాడు.

వాడు అప్పుడు దులిపాడు.

కొత్తగా రంగు వేయించిన గోడ మీద నూనె. వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మీద నూనె. నా కళ్లజోడు మీద నూనె. బాబాయి పంచె మీద ఎన్ని చుక్కలో లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఒక వెల్లుల్లి రేక ఎగిరి వెళ్లి శుభలేఖ మీద సరిగ్గా వరుడి పేరు దగ్గర అంటుకుంది. బాబాయి దాన్ని గోటితో మెల్లిగా తీసి, "నాలుగు మూలలా పసుపు మేం పెట్టాం, నూనె మీరు పెట్టారు, మంచిదే" అని కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చెవి ఎత్తి వాసన చూసి, "నూనె ఎవరు పోశారు?" అంది. ముగ్గురం కర్ణుడి వైపు చూశాం.

ముందు ఆ నూనె కడగడానికే పావుగంట పట్టింది. లైటున్న గొట్టంలాంటి పరికరం పెట్టి కర్ణభేరి చూసి, చిరగలేదని చెప్పింది. అది చూడకుండా ఏ చుక్కలూ వెయ్యకూడదట. భేరి చిరిగి ఉంటే కొన్ని మందులు లోపలికి దిగి వినికిడినే పోగొడతాయి. గరిటెడు నూనె పోసే ముందు మేం ఏ భేరీ చూడలేదు.

తర్వాత దూదిపుల్లతో ఆ గసి కాస్త తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది. చిన్న చిన్న వేరుశనగ కాయలు ఆరబోసినట్టున్నాయి. ఈస్టు అంది, మలస్సీజియా. ఆరోగ్యంగా ఉన్న కుక్క చెవిలోనూ కొద్దిగా ఉంటుంది, తేమ దొరికితే సంసారం పెంచుకుంటుంది. బ్యాక్టీరియా అయితే మందు వేరు, చెవి పురుగులైతే మరొకటి, అందుకే చూడకుండా రాయనంది. కిందటేడు మిగిలిన చుక్కలమందు తీసుకొచ్చిన నేను ఆ సీసాని మెల్లిగా జేబులో పెట్టేసుకున్నాను.

"కుక్క చెవి మన చెవిలా తిన్నగా పోదండీ. కిందికి దిగి మూలమలుపు తిరుగుతుంది. ఇయర్‌బడ్ పెడితే మురికిని మలుపు దాకా తోసి వచ్చినట్టే. చెవిలోకి ఏదీ పెట్టకూడదు" అని చెబుతూ ఆగింది. నేను తలూపుతూనే స్కూటర్ తాళంచెవితో నా చెవి గోక్కుంటున్నాను. తాళాన్ని తెరిచే దానికి చెవి అని పేరు పెట్టిన మహానుభావుడి తప్పది, నాది కాదు.

ఎందుకొచ్చిందని అడిగితే చిట్టా విప్పింది. వేలాడే చెవులు, లోపల గాలాడదు. ముసురు. స్నానం చేయించాక చెవులు తుడవకపోవడం. "కాలువలో ఈదుతాడా?" ఈదుతాడు, ఇంటి వెనక పంటకాలువ వాడి సొంతం. "పాదాలు నాకుతాడా?" నాకుతాడు, శుభ్రత అనుకున్నాం. కాదట, దురద. లోపల ఎలర్జీ ఉంటే చెవికి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుందట.

"అంటే, కర్ణుడి చావుకి..." అని మొదలుపెట్టాను.

"శనివారం పూట అవేం మాటల్రా!" అని మా అమ్మ నెత్తి మీద మొట్టింది. డాక్టరమ్మ నవ్వాపుకుని, తల అలా విదిలించనిస్తే చెవి రెప్పలో రక్తనాళం చిట్లి బూరెలా పొంగుతుందని చెప్పింది. ఎప్పుడూ గోదారి వాళ్లకి బూరెతో పోలిస్తేనే భయం పుడుతుంది.

రోజూ రెండు పూటలా చుక్కలు, 14 రోజులు, రోజు విడిచి రోజు కడగడం. కడగడమంటే చెవి నిండా మందునీళ్లు పోసి, చెవి మొదలు దగ్గర అరనిమిషం పిసకాలి. లోపల పచక్ పచక్‌మని చప్పుడు రావాలి. ఆ తర్వాత వదిలేసి పారిపోవాలి. పారిపోవడం నా మాట, డాక్టరమ్మ "దులపనివ్వండి" అంది. పైకొచ్చినదాన్ని దూదితో, వేలు పోయినంత మేరే తుడవాలి. నేను పాత దుప్పటి కప్పుకుని కడిగాను. మా ఆవిడ గొడుగు వేసుకుని నిలబడింది, ఇంట్లోనే.

ఆరో రోజుకి వాసన పోయింది, ఎరుపు తగ్గింది. నేను విజయం ప్రకటించి చుక్కలు ఆపేశాను. మళ్లీ సాక్సుల వైపు చూపులు మొదలవడానికి పది రోజులు పట్టింది. రెండోసారి వెళ్తే డాక్టరమ్మ తిట్టలేదు. చీటీ మీద 14 అని రాసి, చుట్టూ మూడు సున్నాలు చుట్టి, నాకు కాకుండా మా ఆవిడ చేతికిచ్చింది. పూర్తయ్యాక మళ్లీ మైక్రోస్కోపు కింద చూస్తే గానీ వదల్లేదు. ఈసారి వేరుశనగలు లేవు.

ఇప్పుడు కాలువ నుంచి రాగానే వాడి చెవులు తుడవడం నా డ్యూటీ. నిన్న రాత్రి టీవీ చూస్తూ ఉంటే నా కుడి చెవి జివ్వుమంది. చెయ్యి తనంతట తానే స్కూటర్ తాళంచెవి మీదికి పోయింది.

"ఏమండీ" అంది మా ఆవిడ వంటింట్లోంచి, తల తిప్పకుండానే. "సీసాలో ఇంకా నాలుగు చుక్కలున్నాయి."

తాళంచెవి మేకుకి తగిలించేశాను. చుక్కలన్న మాట చెవిన పడగానే కర్ణుడు మంచం కిందికి దూరిపోయాడు.