ఓపెన్‌కాస్ట్ గొయ్యి చెరువైపోదు

మా గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. పంపుతున్నది ముక్కూమొహం తెలియనివాళ్లయితే పట్టించుకునేదాన్ని కాదు. బొగ్గు గనుల పక్కన పుట్టి పెరిగినవాళ్లే పంపుతున్నారు, అందుకే ఒళ్లు మండుతోంది.

అందులో ఉన్నది ఇదీ. బొగ్గు అయిపోయిన ఓపెన్‌కాస్ట్‌ను, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయిన గనిని, ఏమీ చేయనక్కర్లేదు, నీళ్లు తోడే పంపులు ఆపేస్తే వానలకు నిండి ఊరికి పెద్ద చెరువవుతుంది. జర్మనీలో ఇలాగే టూరిస్టు సరస్సులు తయారయ్యాయి. డంపుల మీద, అంటే గనిలోంచి తవ్వి పోసిన గుట్టల మీద, మొక్కలు నాటితే అడవి వచ్చేస్తుంది. భూగర్భ గనికైతే మూతి మూస్తే చాలు. ఖర్చుకు డబ్బు ఎప్పుడో బ్యాంకులో వేశారు. కాబట్టి గనుల్ని సరిగ్గా మూయమని అడిగేవాళ్లంతా అభివృద్ధికి అడ్డం పడేవాళ్లు.

మూతి మూయడం సంగతి ముందు తేల్చేద్దాం. లోపల పైకప్పుకు ఆనుగా వదిలిన బొగ్గు స్తంభాలు తీసేశాక పైకప్పు కూలుతుంది, దానితోపాటు పైన నేల కుంగుతుంది. గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గనుల్లోకి పంపి నింపింది అందుకే. ఇక మిగిలిన బొగ్గుకు ఎక్కడో పగులులోంచి గాలి తగిలితే తనంతట తానే అంటుకోవచ్చు. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో బయటపడిన మంట ఇంకా ఆరలేదు. మూతి ఒక్కటి మూస్తే సరిపోయేదైతే ఈ పాటికి ఆరేది.

అడవి విషయం. డంపులో పైన ఉండేది పొలం మట్టి కాదు, పదుల మీటర్ల లోతు నుంచి వచ్చిన రాయీ ఇసుకా. తవ్వకం మొదలైన రోజునే పైమట్టిని విడిగా తీసి దాచి, చివర్లో తిరిగి పరిచినచోటే ఏదైనా బాగా నిలబడుతుంది. వరసగా సుబాబుల్, నీలగిరి పెట్టి ఫొటో తీస్తే అది తోట అవుతుంది, అడవి కాదు. తవ్విన భూముల్లో పశువులకు మేత దొరికేలా గడ్డి పెంచాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. అయినా చెట్ల లెక్క తర్వాత, డంపు కింద ఊట ఉందా లేదా అన్నది ముందు చూడాలి. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో ఊటల మీద పోసిన గని డంపు జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు.

ఇప్పుడు అసలు మాట. ఈ మెసేజ్‌లో మనుషుల ప్రాణాలు తీయగలిగే వాక్యం 'పంపులు ఆపేస్తే చెరువవుతుంది' అన్నది.

చెరువంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. శిఖం నుంచి మెల్లగా వాలుతూ లోతుకు పోతుంది. బర్రె నడుచుకుంటూ దిగి, నడుచుకుంటూ ఎక్కుతుంది. నీళ్లు ఎక్కువైతే మత్తడి దూకుతాయి, కావాలంటే తూము ఎత్తుతాం. ఓపెన్‌కాస్ట్ గొయ్యిలో వీటిలో ఏది ఉంది? అది మెట్లు మెట్లుగా తవ్వినది, ఒక్కో మెట్టు గోడ దాదాపు నిటారుగా మూడంతస్తుల ఇంటి ఎత్తు ఉంటుంది. మొత్తం లోతు వంద మీటర్లు దాటినవి మన దగ్గరే ఉన్నాయి. నీళ్లు నిండాక ఆ మెట్లు కనిపించవు. ఒడ్డున మోకాలి లోతు, ఇంకో రెండు అడుగులేస్తే కాలికి నేల అందదు. ఈతకొచ్చిన పిల్లాడికి, నీళ్లు తాగడానికి దిగిన గొడ్డుకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

గోతిలోనే ఒక పక్క పోసిన వదులు మట్టి కూడా ఉంటుంది. నీటిమట్టం పెరిగేకొద్దీ అది నాని మెత్తబడుతుంది, పట్టు వదిలి ఒక్కసారిగా జారుతుంది.

జర్మనీనే చూపిస్తున్నారు కాబట్టి జర్మనీ సంగతే చెప్తాను. నాఖ్‌టెర్‌స్టెట్ అనే ఊళ్లో పాత లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గనిని అప్పట్లో నీళ్లతో నింపుతున్నారు. 2009 జులై 18న తెల్లవారుజామున ఒడ్డు జారి, ఇళ్లతో సహా సరస్సులో పడింది. ముగ్గురు చనిపోయారు. అదీ ఏళ్ల తరబడి ఇంజనీర్లు చూసుకుంటున్న చోట. లైప్‌జిగ్ దగ్గర కోస్పుడెన్ సరస్సు ఫొటో పెడుతున్నారే, దాని వెనక ఒడ్లను వాలుగా కోసి, మట్టిని దిమ్మిసకొట్టి గట్టిపరిచి, నీటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న పని ఉంది. తూర్పు జర్మనీ లిగ్నైట్ గనుల పునరుద్ధరణకు 1990 తర్వాత వెయ్యి కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది. కొన్ని సరస్సుల్లో నీళ్లు పుల్లబడితే పడవల్లో సున్నం తెచ్చి చల్లారు. ఇంత చేసినదాన్ని 'ఏమీ చేయనక్కర్లేదు' అనడానికి సాక్ష్యంగా ఎలా చూపిస్తారండీ? చదివే పంపుతున్నారా?

డబ్బు ఉన్న మాట నిజం. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్లాన్, దానికి డబ్బు విడిగా పెట్టే ఎస్క్రో ఖాతా తప్పనిసరి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. అంటే ఓపెన్‌కాస్ట్‌కు ఎకరానికి రెండున్నర లక్షలు కూడా లేదు. తర్వాత పెంచుతూ వచ్చారు, సరే. ఆ సొమ్ము ఏటా కొంత చొప్పున జమవుతుంది, పని జరిగినట్టు తనిఖీలో తేలితేనే విడుదలవుతుంది. ఖాతాలో డబ్బు ఉండటం వేరు, గట్టు వాలుగా మారడం వేరు. 2009కి ముందే వదిలేసిన గోతులకైతే అప్పట్లో ఆ ఖాతా కూడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ వైపే ఉంటాను. ప్రతి గొయ్యినీ అంచు దాకా పూడ్చాలని మనవాళ్లు కొందరు పట్టుబడుతున్నారు. అది జరిగే పని కాదు. ముందు తవ్విన మట్టి బయట డంపుగా పడుతుంది, దాన్నంతా మళ్లీ ఎత్తి పోయాలంటే మళ్లీ అన్ని డంపర్లు, అంత డీజిలు. చివరి గొయ్యి ఎక్కడైనా మిగులుతుంది, అందులో నీళ్లూ నిలుస్తాయి. గని నీళ్లతో పొలాలు పండటం కూడా అబద్ధం కాదు. నీళ్లు నిలవనీయండి, కానీ ఒడ్డును వాలుగా కోసి, కంచె వేసి, మిగులు నీరు పోయే దారి తీసి, నీళ్లు పరీక్షించాకే ఊరికి అప్పజెప్పండి.

మూసివేత ప్లాన్‌లో, తవ్వకం పూర్తయ్యాక భూమి ఎలా ఉంటుందో చూపే మ్యాపు ఒకటి ఉంటుంది. గొయ్యి ఎక్కడ మిగులుతుందో, డంపు ఎక్కడ ఉంటుందో అందులో ఉంటుంది. ఇక ముందు ఈ మెసేజ్ పంపాలనుకునేవాళ్లు దానికి బదులు మీ పక్క గని మ్యాపు అడిగి తెచ్చి గ్రూపులో పెట్టండి. ఒడ్డు వాలు ఎంతో, ఊరికి ఎంత దూరమో దాన్ని చూస్తూ మాట్లాడుకుందాం.