ఎస్పెరాంటో ప్రిపొజిషన్లు ఊహల్లోంచి ఊడిపడలేదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఎస్పెరాంటో భాషని ఒక కంటి డాక్టరు కూర్చుని కల్పించాడు. దాని ప్రిపొజిషన్లకి చరిత్రంటూ లేదు. ఒక్కోదానికి ఒకటే అర్థం, కాబట్టి ఎవరికీ తప్పు రాదు" అని. ప్రిపొజిషన్లంటే మాటకి ముందొచ్చి, మన విభక్తి ప్రత్యయాల పని చేసే చిన్న మాటలు.

కంటి డాక్టరన్నది నిజమే. 1887లో వార్సాలో ఆ భాష తొలి పుస్తకం వేసిన జామెన్‌హోఫ్ వృత్తి అదే.

చరిత్ర లేదన్నది మాత్రం తప్పు. 'సబ్' (కింద), 'ఇంటర్' (మధ్య), 'అపుడ్' (పక్కన) లాటిన్ మాటలే. 'సుర్' (మీద) ఫ్రెంచిది, 'అన్‌స్టాటవ్' (బదులు) జర్మన్ నుంచి వచ్చింది. మన 'పట్టు' క్రియ వాడగా వాడగా 'పట్టి' అనే పంచమీ విభక్తి ప్రత్యయమైంది కదా, అలాంటి అరుగుదల ఆ భాషల్లో ఎప్పుడో జరిగిపోయింది. జామెన్‌హోఫ్ అరిగిన వాటినే ఏరుకున్నాడు.

"అంటే అంతా పశ్చిమ యూరప్ సరుకేగా" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి 'పో' చూపించాలి. ఆయన పుట్టిన బయలిస్టోక్ వీధుల్లో వినిపించిన పోలిష్, రష్యన్ భాషల్లో ఉన్న మాటే అది. పిల్లలకి 'పో త్రి' ఆపిల్స్ ఇచ్చాడంటే తలా మూడేసి ఇచ్చాడని. ఇంగ్లిష్ వాడు దీనికి వాక్యం చివర ఇంకో మాట తగిలించాలి. మనకి 'మూడేసి' ఉంది కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. నాకు ఆ భాషలో అన్నిటికన్నా నచ్చిన చిన్న మాట ఇదే.

ఇక ఒకటే అర్థం సంగతి. ఆ భాష 16 సూత్రాల్లో 14వది ప్రతి ప్రిపొజిషన్‌కీ స్థిరమైన అర్థం ఉంటుందని చెబుతుంది. మెసేజ్ రాసినాయన అక్కడితో ఆగిపోయినట్టున్నాడు. ఏదీ సరిగ్గా అతకని చోట సొంత అర్థం లేని 'యె' వాడమని అదే సూత్రం చెబుతుంది. మూడు గంటలకి అనాలంటే 'యె లా త్రీయా హోరో'. 'దె' అయితే మన యొక్క, నుంచి, చేత మూడింటి పనీ చేస్తుంది. ఆ తికమక పడలేక కొందరు 'చేత' అన్న అర్థానికి 'ఫార్' అనే కొత్త మాట తెచ్చుకున్నారు.

తప్పే రాదంటారా? 'ఎన్ లా దోమో' అంటే ఇంట్లో. చివర ఒక్క 'న్' చేరి 'ఎన్ లా దోమోన్' అయితే ఇంట్లోకి. మన 'ని'లా కర్మకీ ఇదే 'న్' వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ 'న్' దగ్గరే జారిపడతారు. కొత్తవాళ్ల సంగతి అలా ఉంచండి, ఇందాకటి 'పో త్రి' తర్వాత ఆపిల్స్‌కి ఆ 'న్' పెట్టాలా వద్దా అని పాతకాపులే వాదించుకుంటుంటారు.