బరంపురం కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్లుట

ఇంటర్వ్యూకి ఎలా తయారవాలో చెప్పే పెద్దలందరూ ఒక పొరపాటు చేస్తున్నారు. కుర్రాడిది ఏదో ఒక్క రాష్ట్రమే అనుకుంటున్నారు. ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న బరంపురం తెలుగువాడికి ఆ సదుపాయం ఎక్కడిది? అందుకే మా మేనల్లుడి బాధ్యత వీధి అరుగు తన నెత్తిన వేసుకుంది.

మొదటి వారం ఊరి పేరుకే చాలలేదు. మన నోట్లో బరంపురం, పాత కాగితాల్లో బెర్హంపూర్, స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర. ఏది రాసినా అవతలివాడు బెంగాల్లోని బహరంపూర్ అనుకోవచ్చు. గంజాం జిల్లా, 760001 అని రాయించి కింద గీత కొట్టించాం. రెండో వారం కుర్రాడి పేరు. మనకి ఇంటిపేరు ముందు, ఆన్‌లైన్ ఫారానికి వెనక. టెన్త్ సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో అంతా తలకిందులు. ఈ ముగ్గురూ ఒక్కడేనని అఫిడవిట్ చేయించాం. నోటరీగారు ముగ్గురినీ పిలవమనలేదు, అదే పదివేలు.

ఇక అసలు గండం. "మీ గురించి చెప్పండి" అంటే చదువూ, చేసిన పనీ, ఈ ఉద్యోగానికి అవెలా పనికొస్తాయో రెండు నిమిషాల్లో చెప్పాలట. అది మామూలువాళ్లకి. మావాడికి రెండు జవాబులు రాసిచ్చాం. భువనేశ్వర్ అయితే, 1936లో ఒడిశా ఏర్పడ్డ నాటినుంచీ ఇక్కడివాళ్లమే, బడిలో ఒడియా చదివాను, ఇంట్లో దాల్మా (ఒడియావాళ్ల కూరగాయల పప్పు) వండుకుంటాం. విశాఖ అయితే, ఇచ్ఛాపురం దాటగానే మా ఊరు, అమ్మమ్మది సోంపేట, దాల్మా ఊసెత్తకూడదు. ఊళ్లో పుట్టిన ప్రముఖుడంటే రెండుచోట్లా వి.వి.గిరిగారే. భువనేశ్వర్‌లో 'ఒడిశాలో పుట్టిన రాష్ట్రపతి', విశాఖలో 'తెలుగు రాష్ట్రపతి'. తారుమారయిందా, కొంప మునిగినట్టే. "ఆయన పుట్టిన 1894లో మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ కదా మావయ్యా" అన్నాడు పిచ్చి సన్నాసి. నోర్మూసుకోమన్నాను.

ఒరిజినల్సూ, జెరాక్సులూ, ఇస్త్రీ చొక్కా, ఠాకురాణి అమ్మవారి గుడి పువ్వూ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. ముందురోజే రైలెక్కించాం.

విశాఖలో వాళ్లు ఊరూ అడగలేదు, భాషా అడగలేదు. "మా కంపెనీ ఏం చేస్తుందో చెప్పు బాబూ" అన్నారట.

మావాడు చెమట తుడుచుకుని, "ఒడిశాలోనా, ఆంధ్రలోనా సార్?" అన్నాడట.