బ్లూటూత్ పిట్ట

చిన్న చిన్న అభయారణ్యాల్లో ఈమధ్య ఓ కొత్త జాతి పక్షి స్థిరపడింది. నల్లటి గుండ్రటి ఒళ్లు, పొట్ట మీద నీలం దీపం, రెక్కలు సున్న. వచ్చింది 12 సెకన్ల పాట ఒక్కటే, ఛార్జింగ్ అయిపోయేదాకా అదే కూస్తుంది. కాపురం పొడుగు లెన్సుల వాళ్ల నడుం బెల్టు మీద.

వాడే పద్ధతి మీరెరిగిందే. ఇంటర్నెట్‌లోంచి మగపిట్ట కూత దించుకోవాలి. సరిగ్గా గూళ్లు కట్టే కాలం చూసుకుని, తెల్లవారగానే పొదకు 10 అడుగుల్లో ఈ పిట్టను, అంటే బ్లూటూత్ స్పీకరును పెట్టి సౌండు పెంచాలి. తన హద్దులోకి ఇంకో మగాడు చొరబడ్డాడనుకుని లోపలి పిట్ట కొమ్మ చివరికి ఉరికొస్తుంది. అప్పుడు సెకనుకు 20 ఫ్రేముల చొప్పున నొక్కాలి. ప్రకృతి ప్రేమంటే ఇదేనట.

అసలు వైభవం రెండు బృందాలు ఒకే పూట దిగినప్పుడు చూడాలి. తూర్పు గట్టున ఒక స్పీకరు కూస్తుంది. పడమటి పొదలోంచి ఇంకో స్పీకరు బదులిస్తుంది. "ష్ష్... పలికింది!" అటు నుంచి ఐదుగురు, ఇటు నుంచి నలుగురు, పిల్లి అడుగులు. ముళ్లు గుచ్చుకున్నా కిక్కురుమనకుండా మోకాళ్ల మీద పాకి పాకి, చివరికి ఒకరి లెన్సులోకి ఒకరు తొంగిచూసుకుంటారు. "మా పిట్టను మీరెందుకు బెదరగొట్టారు?" అంటే మీరెందుకని తగువు. ఆ పూట అక్కడ హద్దుల కోసం నిజంగా కొట్టుకున్న ప్రాణులు ఈ తొమ్మిదే.

నిజం పిట్టల మధ్యైతే గొడవ కాసేపట్లో తేలుతుంది, ఓడినవాడు ఎగిరిపోతాడు. స్పీకరు ఓడదు, పోదు. పెద్ద అడవిలో పిట్టలెక్కువ, ఈ దెబ్బ చెదిరిపోతుంది. 30 ఎకరాల చోట ఆ జాతి జంటలు ఏ రెండో మూడో ఉంటాయి. ఏడింటికో స్పీకరు, ఏడున్నరకో స్పీకరు, అన్నీ ఆ పొద దగ్గరికే. లొకేషన్ ఊరందరికీ పంపింది మీరే కదా!

ఆ అరగంటలో ఆ తండ్రి ఒక్క పురుగూ తేలేదయ్యా. ఈకలైనా రాని పిల్లలకు గంటకు ఎన్నోసార్లు నోట్లో తిండి పడాలి. తల్లి బెదిరి లేస్తే గుడ్లు చల్లబడతాయి. మీరు గుమిగూడిన చోటు కాకి గుర్తుపెట్టుకుంటుంది, దానికి మీకన్నా బుర్రుంది. మీరు కదిలాక తాపీగా వచ్చి గూడు ఖాళీ చేస్తుంది. సిగ్గనిపించదా? పైగా నోరు తెరిచి అరుస్తున్న ఆ ఫొటో కింద "తీయని పాట" అని రాత! అది మిమ్మల్ని తిడుతోంది.

8 రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ పట్టుకుని, మట్టిరంగు చొక్కా వేసుకుని, బాట దిగకుండా ఒకచోట 20 నిమిషాలు కదలక కూర్చోండి. పిట్ట మేత మానేసి మీ వైపే చూస్తోందంటే దగ్గరికెళ్లిపోయారని, వెనక్కి జరగండి. ఇష్టముంటే అదే వస్తుంది. రాకపోతే ఇంటికి పొండి.