నీళ్ల పొదుపు మీటింగ్, ఫుల్ ప్రెజర్‌తో

జుట్టు ఇంకా ఆరలేదు, ఆ చిరాకులోనే టైప్ చేస్తున్నా.

ఎండలు ముదిరాయంటే మా కాలనీలో అందరూ తెల్లారగట్లే ఒకేసారి లాన్‌లకి పైపులు వదిలేయడం, ట్యాంకులో లెవెల్ పడిపోయి పై అంతస్తుల వాళ్లు సబ్బు మొహాలతో ఫోన్లు చేయడం. అందుకని సరి నంబర్ ఇళ్లు ఒకరోజు, బేసి నంబర్ ఇళ్లు ఒకరోజు అని కమిటీ రూల్ పెట్టింది. వాడకం తగ్గలేదు సరికదా, రేపు మన వంతు కాదుగా అని ఉన్న రోజునే డబుల్ కుమ్మరిస్తున్నారు. దాంతో అవగాహన మీటింగ్ అన్నారు, మాట్లాడేది నువ్వే అన్నారు, సాయంత్రం 5:30కి, కామన్ లాన్ మీద.

నేను మంచి ఊపులో ఉన్నా. 100 చదరపు మీటర్ల లాన్‌కి 25 మిల్లీమీటర్ల ఎత్తున నీళ్లు పెడితే 2500 లీటర్లండీ అని చేతులు తిప్పుతూ చెప్తుంటే, సెక్రటరీ గారి కుర్చీ పక్కన బుస్సుమని ఏదో లేచింది. స్ప్రింక్లర్.

మామూలుదైతే ఒకేసారి తడిపేస్తుంది, పరిగెత్తేస్తాం, గొడవ వదిలిపోతుంది. మాది గేర్ రోటర్, అంటే ధార మెల్లగా చుట్టూ తిరిగే రకం. రిటైరైన మాస్టారు హాజరు తీసుకుంటున్నట్టు ఒక్కో కుర్చీనీ నింపాదిగా పలకరించుకుంటూ వస్తుంది. అది అటు చివర ఉండగానే ఇటు చివరి వాళ్లకి తెలుసు తమ వంతు వస్తోందని, అయినా ఎవరూ లేవరు, ఎందుకంటే ప్రెసిడెంట్ గారు లేవలేదు. ఆయన ఎజెండా కాగితం నెత్తిమీద పెట్టుకుని "కంటిన్యూ చేయమ్మా" అన్నారు. చేశా. ఎండలో, గాలిలో పెడితే కొన్ని నీళ్లు వేరుకి చేరేలోపే ఆవిరైపోతాయి అని చెప్తుండగా నా దాకా వచ్చింది, ఒక్క చుక్క కూడా ఆవిరవకుండా. వెనక వరసలో అంకుల్ గ్లాసు ఎత్తి చూపించి "ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో చూడమ్మా" అంటారు, పైగా అందరూ చప్పట్లు.

చివరికి వాల్వ్ ఎవరు కట్టేశారో తెలీదు.

విషయం ఏంటంటే, కరెంటు పోయి మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చింది, స్ప్రింక్లర్‌ని తెల్లవారుజామున 5కి తిప్పే టైమర్ గడియారం రాత్రి 12 నుంచి మళ్లీ మొదలెట్టింది, మన సాయంత్రం 6 దానికి తెల్లవారుజాము 5. బ్యాకప్ బ్యాటరీ వేస్తే ఈ బాధ లేదు. ఆ ముక్క ఎప్పుడో మెయిల్ పెట్టా, చిన్న బ్యాటరీ అండీ, గుప్పిట్లో పడుతుంది, దానికీ కమిటీ అప్రూవల్ కావాలట.

ఇప్పుడే నోటీసు వచ్చింది. నిషేధించిన టైములో లాన్ తడిపినందుకు నీటి పొదుపు కన్వీనర్, అంటే నేనే, 24 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలట, కింద ప్రెసిడెంట్ గారి సంతకం. బ్యాటరీ సంగతి మాత్రం వచ్చే మీటింగ్‌లో చర్చిస్తారట.