సవరణ: జాకీ కూగన్ డబ్బు పోగొట్టింది తండ్రి కాదు

హాలీవుడ్ బాలనటుడు జాకీ కూగన్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. కొడుకు సంపాదనంతా తండ్రే తగలేశాడని రాశాను. అది నిజం కాదు. చనిపోయిన మనిషి మీద అనవసరంగా నింద వేశాను, క్షమించండి.

1921లో చాప్లిన్ సినిమా 'ది కిడ్' వచ్చేనాటికి కూగన్‌కి ఆరేళ్లు. ఆ తర్వాత ఆ పిల్లాడి సంపాదన 30, 40 లక్షల డాలర్లని అంచనా. తండ్రి 1935లో కారు ప్రమాదంలో పోయాడు. అదే కారులో ఉన్న కూగన్ ఒక్కడే బతికాడు. డబ్బు ఇవ్వనన్నది తల్లి, ఆమె రెండో భర్త. 1938లో కూగన్ వాళ్ల మీద కోర్టుకెక్కాడు. చివరికి చేతికొచ్చింది సుమారు 1,26,000 డాలర్లే! మైనర్ సంపాదన తల్లిదండ్రులదేనని అప్పటి కాలిఫోర్నియా చట్టం.

రెండోది, బాలనటుల సంపాదనని కాపాడడానికి కాలిఫోర్నియా 1939లో తెచ్చిన కూగన్ చట్టం ఆయన సొమ్ము తిరిగి ఇప్పించిందన్నాను. లేదు, అది తర్వాతి పిల్లల కోసం వచ్చింది. అందులోనూ లొసుగులు చాలానే ఉండేవి. పిల్లల సంపాదన పిల్లలదేనని, అందులో 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయాలని గట్టిగా చెప్పింది 2000లో అమల్లోకి వచ్చిన సవరణే.

ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ పైలట్‌గా పనిచేశాడని, 1960లలో టీవీలో మళ్లీ పేరు తెచ్చుకున్నాడని రాసినవి మాత్రం సరైనవే.